కల్లంలో అనకూడని మాట

రండి, జరగండి. అరుగు మీద కాళ్లు చాపుకున్నవాళ్లు కాస్త ముడుచుకోండి, వెనక వచ్చేవాళ్లకు చోటు కావాలి. బీడీ వెలిగించుకునేవాళ్లు ఇప్పుడే వెలిగించుకోండి. దగ్గేవాళ్లు ఇప్పుడే దగ్గేయండి. ఇక గుసగుసలు ఆపండి. ఎందుకంటే ఇది నోరు మూసుకున్న కథ. నేను, ముత్తెన్నను, నెల రోజులకు పైగా నోరు మూసుకున్న కథ. నమ్మరు కదా? మా ఆర్మూరులో కూడా ఎవరూ నమ్మలేదు.

జర్మనీవాడి లడాయి నడుస్తున్న రోజులు. కిరసనాయిలు దొరకదు, గుడ్డ దొరకదు. మాకు దొరికేదల్లా పసుపు. తవ్వుకోవాలి, కొప్పెరలో ఉడకబెట్టుకోవాలి, కల్లంలో ఎండబోసుకోవాలి. ఎండేటప్పుడు తడిసిందా, బంగారం పోయి బొగ్గవుతుంది. అలాగని ఊరికే భయపడి కుప్పపోసి కప్పామా, లోపల చెమటపట్టి బూజెక్కుతుంది. అందుకని ఎండినన్ని రోజులూ మా బతుకు ఆకాశం చేతిలో ఉంటుంది.

మా ఇంట్లో ఒక కట్టడి ఉంది. మా అమ్మ, ఆమె అత్త, ఆ అత్తకు అత్త, అందరూ పాటించిందే. పసుపు ఎండుతున్నన్నాళ్లు కల్లంలో నిలబడి వాన అన్న మాట ఎవరూ అనకూడదు. ఉర్దూలో బారిష్ అని కూడా అనకూడదు. అంటే వింటుంది, వస్తుంది. తప్పనిసరైతే చుట్టం అనాలి. "చుట్టం వచ్చేటట్టున్నడా?" "లేదు, పోచంపాడ్ దిక్కు పోయిండు." అంతే, అంతకు మించి లేదు.

ముందటి ఏడు నేనేం చేశానంటే, పసుపు తిప్పేవాళ్లకు పొద్దు పోవాలని ఒక రాజు కథ ఎత్తుకున్నాను. కథ మంచి పాకంలో పడింది. నాలుక మీద పట్టు తప్పింది. "అప్పుడు కుండపోత వాన..." అనేశాను. రాజు తడవలేదు. మేం తడిశాం. ఎంత పడిందంటే, మా కల్లంలో కప్పలు ఒళ్లంతా పసుపు పూసుకుని మూడు రోజులు పెళ్లికూతుళ్లలా తిరిగాయి. పసుపు నల్లబడింది. ఏటా మా పసుపు కొనే నారాయణదాస్ సేటు ఒక కొమ్ము విరిచి చూసి, మాట్లాడకుండా చెయ్యి తుడుచుకుని పోయాడు.

నా భార్య నీలవ్వ ఏడవలేదు, తిట్టలేదు. కథ వినడం మానేసింది. నేను 'అనగనగా' అన్నానంటే లేచి ఎడ్లకు కుడితి పెట్టడానికి పోయేది. ఆ ఎడ్లు ఆమె పుట్టిల్లు మెండోర నుంచి అన్న ఇచ్చినవి. ఈ ఏడు కొప్పెర కింద మంట పెట్టిన రోజు, పొగలోంచి నా వైపు చూసి అంది:

"ఇగ చూడు. కల్లంల మళ్ల నీ నోట్లకెళ్లి గా మాట వచ్చి పసుపు తడిసిందనుకో, ఎడ్లను ఇప్పుకొని మెండోర పోత. ఎన్కనుంచి రాకు. వచ్చినా నేను రాను."

"గంత మాటంటవానే?"

"అన్న కద."

నీలవ్వ ఒకసారి అన్నదంటే రెండోసారి అనదు. చేస్తుంది.

ఇలా ఉండగా సేటు బస్తాలు ఇందూరు రైలుకు చేర్చి ఖాళీ బండితో వస్తున్నాను. దారి పక్కన ఒక తెల్ల మనిషి, ఏనుగంత గుడ్డచుట్ట మీద కూర్చుని ఉన్నాడు. ఇందూరులో సర్కసు ఒకటి మూతపడింది. ఏనుగును ఎవరో తోలుకుపోయారు. పులి సంగతి నన్నడగకండి. ఈయనకు మిగిలింది డేరా గుడ్డ. స్పెయిన్ దేశం వాడట. పేరు ఫెర్మిన్. రోజూ నిజాం ఫర్మానాలు విని విని ఉన్నవాళ్లం కదా, మా నోట ఫర్మానా సాబ్ అయిపోయాడు.

అతని పనేమిటో చేతులతోనే చెప్పాడు. వేలు నోట్లో తడుపుకుని పైకెత్తాడు, నాలుగు దిక్కులూ తిరిగాడు, ఒక తాడు బిగించాడు, ఒక తాడు వదిలాడు. ఆకాశం చూసి డేరాను కాపాడే మనిషి! నా బుర్రలో దీపం వెలిగింది. ఇతనికి ఆకాశం తెలుసు. ఇతని మాట మన ఆకాశానికి తెలియదు. కల్లం నడిమధ్య నిలబడి పొద్దస్తమానం ఆ మాటే అన్నా మన మబ్బుకు ఏం అర్థమవుతుంది? గుడ్డచుట్టను, మనిషిని బండికెత్తుకుని ఇంటికొచ్చాను.

నీలవ్వ నడుం మీద చేయి పెట్టుకుని వాకిట్లో నిలబడింది.

"బస్తాలు ఏసుకపోయి మనిషిని ఏసుకొచ్చినవా? గీయనకు రొట్టెలు ఎవరు చేస్తరు?"

"చుట్టం సంగతి ముందుగాల చెప్తడే. ఆయన భాషల చెప్తడు. మనం అనుడు లేదు, ఇనుడే."

"ఆయన భాష నీకొస్తదా?"

"రాదు."

"మరి?"

"కంపౌండర్ సాబ్ లేడా?"

కంపౌండర్ ప్రహ్లాద్ మా వాడకట్టు మొత్తానికి ఇంగ్లీషు వచ్చిన ఒకే ఒక్కడు. ఇంగ్లీషంతా మందు సీసాల మీద చదివి నేర్చుకున్నాడు. యాభై ఏళ్ల మనిషి. ఎవరైనా ఇంగ్లీషు ముక్క అడిగితే చాలు, పదేళ్లు చిన్నవాడైపోయేవాడు. మర్నాడు పొద్దున్నే కల్లం గట్టు మీద గొంతుక్కూర్చుని చెప్పాడు.

"స్పెయినోళ్ల మాటలు, ఇంగ్లీషోళ్ల మాటలు పాలోళ్లు. ముత్తాత ఒక్కడే. జర మొకం మంచిగ చూస్తె పోలిక ఎరుకైతది. ఆఁ, అనుమను ఒకటి."

ఫర్మానా సాబ్ బుగ్గలు పూరించి ఉఫ్ మని ఊది అన్నాడు. "వియెంతో."

కంపౌండర్ కళ్లు మూసుకున్నాడు. తెరిచాడు. "వెంటిలేటర్!"

"గదేంది?" అన్నాను.

"దవాఖాన గోడకు మీదికెళ్లి సందు ఉంటది చూడు. అండ్లకెళ్లి ఏమొస్తది?"

"పావురాలు."

"గాలి వస్తదిరా! వియెంతో అంటె గాలి!"

ఫర్మానా సాబ్ చేత్తో విసురుకుంటూ, నుదురు తుడుచుకుంటూ రెండోది అన్నాడు. "తెంపెరతూరా."

"టెంపరేచర్! చంకల గాజుపుల్ల పెట్టి చూస్తం కద, అది."

"అయితే ఆకాశానికి జ్వరమా?"

"ఆకాశానికి కాదు, గాలికి. గాలి ఎంత కాలిందో చెప్పుడు."

"గాలికి చంక ఏడుంటది కంపౌండర్ సాబ్?"

ఆయన కాసేపు గాలి వైపే చూసి, "జర సల్ల తీస్కరా," అన్నాడు నీలవ్వతో. మజ్జిగ తెచ్చిన నీలవ్వ పోకుండా అక్కడే నిలబడింది. ఫర్మానా సాబ్ కట్టెపుల్లతో నేల మీద వంకరటింకర గీత గీసి, వేళ్లు టపటపలాడించి, "రెలాంపాగో," అన్నాడు.

"లాంపు!" కంపౌండర్ లేచి ఎగిరాడు. "లాంపు తళుక్కుమంటది కద! రెలాంపాగో అంటె మెరుపు! చూసిండ్రా, పాలోళ్లని చెప్పిన్నా లేదా?"

నీలవ్వ మెల్లగా అడిగింది.

"మెరుపంటె చుట్టం కన్న ముందు వచ్చేటోడే కద?"

"ఔ."

"లాంపు గానికి సొంత పాలోడా?"

"ఖరారుగ."

"మరి పాలోళ్లింట్ల చావైతె మనకు మైల అంటదా, లేదా?"

"అంటది."

"గట్లయితే కల్లంల ఆ మాట అనరాదు, లాంపు అని గూడ అనరాదు. ఒక పాలోన్ని పిలిస్తె కడమోళ్లు రాకుంట ఉంటరా?"

కంపౌండర్ వేళ్ల మీద పాలోళ్లను లెక్కపెట్టాడు. లెక్క ప్రకారం ఆమె మాటలో తప్పు లేదు.

అక్కడ మొదలయ్యాయి మా తిప్పలు. మనకు ఎరుక లేని మాట ఆకాశానికీ ఎరుక ఉండదు. మనకు ఎరుకైందా, ఆకాశానికీ ఎరుకైనట్టే. ఇది నీలవ్వ తీర్పు. పొద్దున ఒక మాట నేర్చుకుంటాం, సాయంత్రానికి ఆ మాట మూత. దాని ఇంగ్లీషు పాలోడూ మూత. వెంటిలేటర్ మూత, టెంపరేచర్ మూత. 'ఉమెదాద్' అంటే తేమ అని, మందు పొడి సీసాలో గడ్డకట్టేది దానివల్లేనని, దాని పాలోడు హ్యుమిడిటీ అని కంపౌండర్ కనిపెట్టిన రోజున తేమ, చెమట, గడ్డ అన్నీ పోయాయి. కొత్త భాష నేర్చుకుందామని కూర్చున్నవాణ్ని, ఉన్న భాష పోగొట్టుకున్నాను. పదిహేనో రోజుకు కల్లంలో నాకు మిగిలినవి దా, పో, తిను. నాలుక తుప్పుపట్టి, అన్నం నమిలేటప్పుడు కిర్రుమనేది.

ఒక్క మాట మాత్రం మిగిలింది. రోజూ పొద్దున ఫర్మానా సాబ్ బండి కింద నుంచి లేచి వచ్చి, వేలు తడిపి, ఆకాశం నాలుగు మూలలా చూసి, నవ్వి, వేలు అడ్డంగా ఊపి అనేవాడు. "యూవియా, నో."

కంపౌండర్ దీనికి పాలోణ్ని వెతికాడు. మూడు రోజులు వెతికాడు. దవాఖానలో సీసాలన్నీ తిప్పి తిప్పి చదివాడు. "నో అంటె వద్దని. యూవియాకు మాత్రం ఎవ్వరు లేరు. దిక్కులేని మాట," అని చేతులెత్తేశాడు.

"మరి ఆయన్నే అడుగున్రి," అంది నీలవ్వ.

అడిగాం. ఫర్మానా సాబ్ రెండు చేతులూ తల పైకెత్తి గుండ్రంగా తిప్పాడు. తర్వాత వేళ్లు ఆడిస్తూ, పసుపు మీదికి జారవిడిచినట్టు కిందికి దించాడు. మళ్లీ తిప్పాడు, మళ్లీ దించాడు.

నీలవ్వ మొహం వికసించింది. "అయ్యో, దిష్టి! దిష్టి తీస్తుండు! చేతులు చుట్టు తిప్పి కింద పారేస్తుండు చూడున్రి. దిష్టి, నో అంటుండు. దిష్టి వద్దు అంటుండు."

కంపౌండర్ ఆలోచించి ఒప్పుకున్నాడు. నేను ఒప్పుకున్నాను. చూసిన ఎవరైనా ఒప్పుకుంటారు.

ఆ రోజు నుంచి నీలవ్వ పొద్దున ఒకసారి, పొద్దుగూకేముందు ఒకసారి కల్లం చుట్టూ తిరుగుతూ, వేలు ఊపుతూ "యూవియా, నో" అనేది. పక్క కల్లం రత్నవ్వ చూసి తనూ మొదలుపెట్టింది. చంటిపిల్లలకు కాటుక పెట్టి యూవియా అనేవాళ్లు. అంకాపూర్ నుంచి కొత్త బర్రెను తోలుకొచ్చినాయన దారిలో ఆగి, నీలవ్వతో అనిపించుకుని పోయాడు. ఎండలు చూడండి, పిడకలు గోడ మీదే అంటుకునేంతగా కాశాయి. పసుపు తిప్పుతుంటే గజ్జెల చప్పుడు.

ముప్పయ్యో రోజు సాయంత్రం నారాయణదాస్ సేటు రంగు చూద్దామని వచ్చాడు. పొద్దు వాలింది. కల్లంలో వంగి కళ్లు చికిలించాడు.

"ముత్తెన్నా, మంచిగ కనబడ్తలేదు. లాంపు తే."

నేను దూకి సేటు నోటికి చెయ్యి అడ్డం పెట్టాను.

"ఏందిరా! లాంపు అడిగితె చంపుతవా?"

"అయ్యో, మల్ల అన్నడు," అని నీలవ్వ చెంపలేసుకుంది. "గా మాట అనకు సేటు. దాని పాలోడు మీదికెళ్లి వస్తడు."

"ఎవని పాలోడు?"

"గదే చెప్పరాదు."

సేటు నా వైపు చూశాడు. నేను రెండు చేతులూ జోడించాను. ఆయన ఇరవై ఏళ్లుగా నన్నెరుగును. నేను మాట్లాడకుండా నిలబడటం ఆయన చూడటం అదే మొదటిసారి.

"నీకు మంచిగనే ఉన్నదా? టెంపరేచర్ ఏమన్న..."

నీలవ్వ, నేను ఇద్దరం చెవులు మూసుకున్నాం. సేటు గట్టు దిగి, "నాలుగొద్దులైనంక వస్త. ఖణ్ మని ఇరిగితె తీస్కపోత. అప్పటిదాంక మీరు ఎవరికన్న చూపించుకోన్రి," అని వెనక్కి తిరిగి చూసుకుంటూ పోయాడు.

నాలుగు రోజులు. మూడు గడిచాయి.

నాలుగో రోజు నడిమధ్యాహ్నం. సేటు వచ్చే రోజని తెల్లారకముందే పనిలో పడి నీలవ్వ దిష్టి తీయడం మరిచింది, ఫర్మానా సాబ్ పొద్దెక్కేదాకా లేవనే లేదు. నీలవ్వ పోచంపాడ్ దిక్కుకు వీపు పెట్టి చేటతో పసుపు చెరుగుతోంది. ఫర్మానా సాబ్ బావి దగ్గర సబ్బు రుద్దుకుంటున్నాడు. నేను కాలితో పసుపు తిప్పుతూ తలెత్తాను. పోచంపాడ్ దిక్కున, గోదావరి మీద, దూడంత మబ్బు. చూస్తుండగానే ఎద్దంత అయింది. మళ్లీ చూసేసరికి అంకాపూర్ అంత.

నోరు తెరిచాను. ఏమనాలి? ఆ మాట అనరాదు. మబ్బు ఆ మాటకు మేనమామ. గాలి అంటే వెంటిలేటర్. చుట్టం వస్తున్నాడు అందామంటే, రావడం అన్నమాట నా నోట వస్తే అది పిలవడం కాదా? కప్పు అందామంటే, కప్పడం దేనికి? గొంతు దాకా వచ్చిన ప్రతి మాటకూ ఎవడో ఒక పాలోడు. కొట్టంలో ఎడ్లు నా వైపే చూస్తున్నాయి.

నోరు మూసుకున్నాను. పరుగెత్తి చేతులతో, మోచేతులతో పసుపు కుప్పకు లాగడం మొదలుపెట్టాను.

"ఏందయ్యా గా ఎగురుడు? తేలు కుట్టిందా?"

తల అడ్డంగా ఊపాను.

"పామా?"

ఊపాను.

"నోరు పడిపోయిందా ఏంది, చెప్పరాదు?"

నేను చెప్పలేదు. లాగుతూనే ఉన్నాను. అప్పుడు ఆమె నీడ కల్లం మీద మాయమైంది. వెనక్కి తిరిగి చూసింది. ఆమె కూడా ఏమీ అనలేదు. చేట పారేసి నా పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. నాలుగు చేతులు. ఎంత వేగంగా ఊడ్చామంటే, కల్లం మన్ను కూడా మాతో పాటు కుప్పలోకి వచ్చింది.

బావి దగ్గర నుంచి ఒళ్లంతా సబ్బు నురగతో ఫర్మానా సాబ్, డేరా గుడ్డను ఈడ్చుకుంటూ, ఏదేదో అరుస్తూ వచ్చాడు. ఒక తాడు నాకు విసిరాడు. ఒక గుంజ పాతాడు. గాలి వచ్చింది. గుడ్డ లేచింది, గుడ్డతో పాటు తాడు లేచింది, తాడుతో పాటు నేను లేచాను. అబద్ధమైతే అడగండి, పైనుంచి మెండోర కనిపించింది. నీలవ్వ వాళ్లన్న గడ్డివాము మీద పడుకుని కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. మూడు తాటిచెట్ల ఎత్తు పోయి, మళ్లీ పట్టుకున్న చోటే దిగాను. దిగేసరికి డేరా నిలబడింది.

దిగి చూస్తే నీలవ్వ కొట్టం దగ్గర ఉంది. ఎడ్ల పలుపులు విప్పుతోంది.

నేను అనలేదే. ఒక్క మాట కూడా అనలేదే. పసుపు తడవలేదే! అరుద్దామంటే నాలుక లేవలేదు. ఆమె రెండు ఎడ్లనూ పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. గడప దగ్గర ఆగింది. రోడ్డు వైపు చూసింది, కల్లం వైపు చూసింది. అప్పుడే మొదటి చినుకు నా ముక్కు మీద పడింది. ఎడ్లను లాక్కుంటూ డేరా కిందికి వచ్చేసి, "జరుగు, జర చోటియ్యి. నానుతయి," అంది.

తర్వాత పడింది చూడండి. రత్నవ్వ తన చాపను నెత్తిన పెట్టుకుని వచ్చింది. దవాఖాన నుంచి ఇంటికి పోతున్న కంపౌండర్ తలపాగా పిండుకుంటూ దూరాడు. ఐదుగురం, రెండు ఎడ్లు, నడుమ పొడిగా పసుపు కుప్ప. మీద గుడ్డ డప్పులా మోగుతోంది.

ఫర్మానా సాబ్ చెయ్యి బయటికి చాచాడు. సబ్బు నురగ కడుక్కుపోతోంది. అరచేయి నిండాక లోపలికి తెచ్చి, మా అందరికీ చూపించి నవ్వాడు.

"యూవియా."

అందరం ఆ అరచేతిలోకి తొంగిచూశాం. అర్థం కాలేదనుకున్నాడేమో, చేతులు పైన గుండ్రంగా తిప్పి, వేళ్లు ఆడిస్తూ కిందికి దించాడు. బయటికి చూపించాడు. "యూవియా!"

కంపౌండర్ గొంతులోంచి సన్నగా వచ్చింది. "గదేనా?"

"గదే," అన్నాను. నెల రోజుల్లో నేనన్న పొడుగైన మాట.

నీలవ్వ మెల్లగా బస్తా మీద కూర్చుంది. చాలాసేపు గుడ్డ చివర నుంచి కారుతున్న ధారనే చూసింది.

"పొద్దుగాల ఒకసారి అన్న. పొద్దుగూకంగ ఒకసారి అన్న. కల్లం చుట్టు తిరుగుకుంట, నేనే అన్న."

నేను ఏమీ అనలేదు. అనడానికి చాలా ఉంది. ఏడాదిగా దాచుకున్నది ఉంది. అనలేదు.

"అన్నన్ని రోజులు రాలే," అంది. మీద మోగుతున్న గుడ్డ వైపు తలెత్తి, "ఎవ్వరేం అనని రోజు వచ్చింది," అంది.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. సేటు రెండు రోజులు ఆలస్యంగా వచ్చాడు, కొమ్ము విరిచాడు, ఖణ్ మంది. ఫర్మానా సాబ్ సజ్జరొట్టెలు మూటకట్టుకుని బొంబాయి దిక్కు పోయాడు. డేరా గుడ్డ మాకే వదిలేశాడు. దాని కింద మా ఊళ్లో పదకొండు పెళ్లిళ్లు జరిగాయి. ఆ కట్టడి మా ఇంట్లో మళ్లీ ఎవరూ పాటించలేదు. ఇప్పుడు మళ్లీ డేరా కిందికి రండి, వాన ఇంకా పడుతోంది.

నీలవ్వ కుప్పలోంచి ఒక కొమ్ము తీసి కొంగుతో తుడుస్తూ, నా వైపు చూడకుండా అంది.

"ఇది ఇప్పుడే ఇడువదు. ఊకె కూసుంటె పొద్దెట్ల పోతది? ఏదన్న చెప్పరాదు."

నాకు చప్పున ఏదీ గుర్తు రాలేదు. గొంతు సవరించుకున్నాను. నాలుక కిర్రుమంది, తర్వాత జారింది. "అనగనగా," అన్నాను. నీలవ్వ లేచిపోలేదు. "అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ల ఏడాది పొడుగుత వాన..." అని ఆగాను. నీలవ్వ కొమ్ము తుడుస్తూనే ఉంది.

"ఊఁ," అంది.

చెప్పుకుంటూ పోదామనుకున్నాను. కానీ అప్పటిదాకా మూల నిలబడి బుగ్గన వేలు పెట్టుకుని ఫర్మానా సాబ్‌నే చూస్తున్న రత్నవ్వకు ఏదో అనుమానం వచ్చింది.

"కంపౌండర్ సాబ్, ఒక్కటి అడుగుత కోపానికి రాకు. వాళ్ల దేశంల ఇంటింటికి గీ మాటనే అనుకుంట తిరుగుతరు కద, అన్నప్పుడల్ల చుట్టం దిగుతడాయె, మరి పాపం, వాళ్లు మిరపకాయలు నీళ్లల్లనే ఎండబెట్టుకుంటరా?"